చేతుల సినిమాలు తీసిన టీచరమ్మ

మా అమ్మాయి తీసిన సినిమాను పుంగనూరులో ఆడిస్తున్నారండీ! వచ్చే ఆదివారం, పట్టపగలు, కల్యాణ మండపం తలుపులు బార్లా తెరిచి, ఆటోలో మైకు పెట్టి ఊరంతా చెప్పి మరీ! ఈ మాట నేను అందరికంటే ముందు చెప్పాల్సిన మనిషి టీచరమ్మ. ఆమె పోయిన మంగళవారం కన్నుమూశారు.

సంతోషమూ దుఃఖమూ ఒకే వారంలో ఇంటికి వస్తే ఎవరికి ముందు కుర్చీ వేయాలో తెలియదు. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి రిటైరైనవాణ్ణి. టీచరమ్మ గురించి రాయమని మా అమ్మాయి చెప్పింది. తోచినట్టు రాస్తున్నాను, మీరు సర్దుకుని చదవండి.

టీచరమ్మ మా ఎదురింట్లో ఉండేవారు. బడిలో డ్రాయింగ్ నేర్పి రిటైరయ్యారు. పెండ్లి చేసుకోలేదు. ఆమెతో పాటు ఆ ఇంట్లో ఒక నర్సమ్మ ఉండేది. ఇద్దరికీ ఒకే పొయ్యి, ఒకే గొడుగు, చర్చిలో ఒకే బెంచీ. "పాపం, పెండ్లి కాని ఆడోళ్ళు, ఒకరికొకరు తోడు" అని వీధిలో అనుకునేవాళ్ళం. వాళ్ళది భార్యాభర్తల మధ్య ఉండే ప్రేమలాంటిదేనని నాకు తెలిసేసరికి నర్సమ్మ చనిపోయి చాలా కాలమైంది.

"నర్సమ్మ సమాధి దగ్గర అందరూ ఆయమ్మ తమ్ముణ్ణి పట్టుకొని ఓదార్చినారప్పా. నేను పక్కనే నిలబడి ఉండాను. నన్నెవురూ పలకరించలా" అని ఒకసారి చెనిక్కాయలు ఒలుస్తూ చెప్పారు. చెప్పి, ఒలిచిన గింజలు నా చేతిలో పోసి, ఒడిలోని పొట్టు దులుపుకుని లేచి వెళ్ళిపోయారు. బాధ చెప్పుకోవడం ఆమెకు అంతే. పక్కవాడికి తినడానికేదో ఇచ్చి ఒక్క మాటలో ముగించేవారు.

ఆమె సినిమాలు తీసేవారు. చిన్న కెమెరాతో, తరువాత తరువాత ఫోనుతో. మగవాణ్ణి ఇష్టపడిన మగవాళ్ళ గురించి, ఆడదాన్ని ఇష్టపడిన ఆడవాళ్ళ గురించి, మగబిడ్డగా పుట్టి ఆడదానిగా బతికేవాళ్ళ గురించి. వీటిని క్వీర్ సినిమాలు అంటారని మా అమ్మాయి నాకు నేర్పింది. హాళ్ళలో ఆడవు, ఫోన్లలో దొరకవు. పెన్ డ్రైవులో పెట్టుకుని ఎవరో ఒకరు కుప్పంలో రైలెక్కితే ఒక కాపీ బెంగుళూరుకు, ఇంకొకటి మద్రాసుకు పోయేది. అక్కడివాళ్ళు తీసినవి అదే రైల్లో ఇటు వచ్చేవి.

ఇవేవీ నాకు తెలియని రోజుల్లో మా ఇంట్లో జరిగింది కూడా చెప్పాలి. మా అమ్మాయి పుట్టినప్పుడు మగబిడ్డ అని నా చేతికిచ్చారు. అబ్బాయిగానే పెంచాం. నా భార్య పోయిన తరువాత, కాలేజీ చదువుతూ ఉండగా, "నేను అబ్బాయిని కాను నాయనా, అమ్మాయిని" అని చెప్పింది. నాకు అర్థం కాలేదు. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే తనకు జవాబయింది. కొన్నాళ్ళకు ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. బెంగుళూరులో కంపెనీలో చేరాడని బంధువులకు చెప్పాను. ఏండ్లు గడిచాయి. ఎక్కడుందో, ఉందో లేదో కూడా తెలియదు.

అట్లా ఉండగా ఒక ఆదివారం మధ్యాహ్నం టీచరమ్మ ఇంటి ముందు చెప్పులు కనిపించాయి. గుమ్మం నిండా చెప్పులు. ముందు రోజే ఆమె ఒక తెల్ల దుప్పటి తెచ్చి, "ఒక్క మడత కూడా కనపడకూడదప్పా" అని నాతో ఇస్త్రీ చేయించుకుని వెళ్ళారు. ఆదివారం, తెల్ల దుప్పటి, గుమ్మం నిండా చెప్పులు. మా వాళ్ళలో ఎవరికైనా తోచేది ఒకటే, ఇంట్లో ప్రార్థన కూటం జరుగుతోందని. ఇంటి కూటానికి పిలుపు అక్కర్లేదు. పదిమంది చెప్పులు కనిపిస్తే మన చెప్పులూ విడిచి లోపలికి పోవడమే. ముఖం కడుక్కుని, తెల్ల చొక్కా వేసుకుని, బైబిలు చంకన పెట్టుకుని వెళ్ళి, తలుపు తోసి, ముందు వరుసలో చాప మీద కూర్చున్నాను.

లోపల చీకటి. కిటికీలకు కంబళ్ళు కట్టారు. గోడ మీద నేను ఇస్త్రీ చేసిన దుప్పటి. ప్రభువు సినిమా వేసే కూటాలు చాలా చూశాను కాబట్టి నాకేమీ వింతగా అనిపించలేదు. వెనక నుంచి ఎవరో గుసగుసగా, "ఎవురక్కా ఈయప్ప? బైబులు తెచ్చినాడే!" అన్నారు. ఇంకొకరు, "ఆపేద్దామా?" అన్నారు. టీచరమ్మ, "కూసోనీలే" అన్నారు. సినిమా మొదలైంది.

అందులో ఒక్క ముఖం లేదు. అన్నీ చేతులే. ఒక చేయి టమోటాలు ఏరుతోంది. ఒక చేయి బస్సు కిటికీ కమ్మీ పట్టుకుని ఉంది. ఇద్దరు మగవాళ్ళ చేతులు, పని ముగిసిన తరువాత ఒకదాని మీద ఒకటి ఊరకే ఆగి ఉన్నాయి. గొంతులు మాత్రం వినబడుతున్నాయి. ఇంట్లోంచి గెంటేసిన సంగతి, బస్టాండులో కొట్టిన సంగతి, ఒకరికి ఒకరు ఎట్లా దొరికారన్న సంగతి. ఇది ప్రభువు సినిమా కాదని నాకప్పటికి అర్థమైంది. లేచి పోదామని బైబిలు చేతిలోకి తీసుకున్నాను. అప్పుడే తెర మీదికి ఆకుపచ్చ గాజులు వేసుకున్న రెండు చేతులు వచ్చి ఒక దుప్పటిని మడతపెట్టడం మొదలుపెట్టాయి.

మూలకు మూల కలిపి, అంచును లోపలికి తోసి, మోకాలి మీద సగానికి వంచి, చివర అరచేత్తో రెండు దెబ్బలు తట్టి. ఆ తట్టడం నాది! మడత బిగిసి ఉండడానికి నేను చేసుకున్న అలవాటు. లాండ్రీలో ఇంకెవరూ అట్లా తట్టరు. దాన్ని నేను ఒక్కరికే నేర్పాను, నా బిడ్డకు.

సినిమా అయిపోయింది. ఎవరూ కదల్లేదు. నన్ను చూసి భయపడుతున్నారని నాకేం తెలుసు! కూటం ముగిసింది, ప్రార్థన చేసేవాళ్ళు కనబడటం లేదు, ముందు వరుసలో కూర్చున్నది నేనే. అలవాటు కొద్దీ లేచి, కండ్లు మూసుకుని ముగింపు ప్రార్థన చేశాను.

"ప్రభువా, ఈ ఇంటిని దీవించు. గెంటేసినోళ్ళకు ఒక ఇల్లు ఇయ్యి. ఆ దుప్పటి మడతేసిన బిడ్డ యాడుండాదో నాకు సెప్పు. ఆమెన్."

తరువాత చీకట్లో ఒక మూల నుంచి ఒక ఆమెన్, ఇంకొక మూల నుంచి ఇంకొకటి. చివరకు వెనక నుంచి పలమనేరు హిజ్రా ఒకామె, "దేవునికి సెప్పినావు, సరే. పోలీసోళ్ళకు సెప్పొద్దప్పో!" అంది. గదంతా ఒక్కసారిగా నవ్వింది.

అందరూ వెళ్ళాక టీచరమ్మ నా పక్కన చాప మీద కూర్చున్నారు.

"ఆ చేతులు ఎవరివో తెలిసిందా?"

"నా బిడ్డవి."

"కొడుకువి అనవా?"

"గాజులు బాగుండాయి టీచరమ్మా" అన్నాను.

ఆమె నా వైపు చాలాసేపు చూశారు. "కుప్పంలో ఉండాది. రేపు పొద్దున బస్సుకు పోదాం రా" అన్నారు.

ఆ రోజు నుంచి చెప్పులు లోపల విడవాలని సినిమాకు వచ్చే పిల్లలు అన్నారట. టీచరమ్మ ఒప్పుకోలేదు. "యాల? ఈయప్ప వచ్చింది ఆ చెప్పుల్ని సూసే కదా. ఇంకొకడు వస్తాడేమో, ఉండనీ" అన్నారు.

మరునాడు బస్సు పుంగనూరు స్టాండులో ఆగినప్పుడు నేను కండువా తల మీదుగా కప్పుకుని ముందు సీటుకు ఆనుకున్నాను. మా చెల్లెలు ఉన్నది, మా బంధువులంతా వచ్చీ పోయేది ఆ ఊరికే. ఎవరైనా చూసి యాడికి అని అడిగితే ఏం చెప్పేది? టీచరమ్మ కిటికీలోంచి చూస్తూ, "ముఖం దాసుకునే విద్య నీకూ వచ్చునే! నేను మాత్రమే నేర్చినాననుకున్నా" అన్నారు.

కుప్పంలో రైల్వే స్టేషను దగ్గర ఒక మేడ మీద గది. తలుపు తీసింది మా అమ్మాయి. తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. నన్ను చూసి గోడకు ఆనుకుని నిలబడిపోయింది. దారంతా ఏమేమో మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ రాలేదు.

"మేడ మీద బట్టలు ఆరేసినావే, మబ్బు పట్టింది తల్లీ. తడిసిపోతాయి" అన్నాను.

టీచరమ్మ నెత్తి కొట్టుకున్నారు. "ఇంత దూరం వచ్చింది వాన సంగతి సెప్పేదానికాప్పా?"

మా అమ్మాయి మాత్రం ఆ "తల్లీ" దగ్గరే ఆగిపోయింది. "ఇంగోసారి పిలువు నాయనా" అంది. పిలిచాను. ఎన్నిసార్లు పిలిచానో! తరువాత ముగ్గురం పరుగెత్తి బట్టలు తీశాం. అవి మడతపెడుతూ కూర్చుని ఆ మధ్యాహ్నమంతా గడిపాం.

అప్పటి నుంచి టీచరమ్మ సినిమాలకు తెర పని నాది. దుప్పటి ఇస్త్రీ చేయడం, గోడకు బిగించడం, చివర ప్రార్థన చేయడం. ప్రార్థన మానేస్తానంటే ఆ పిల్లలే ఒప్పుకోలేదు. "మీరు ఆమెన్ అనకపోతే సినిమా అయిపోయినట్టు ఉండదు తాతా" అనేవారు. వాళ్ళలో దేవుణ్ణి నమ్మనివాళ్ళూ ఉన్నారు, వేరే దేవుళ్ళవాళ్ళూ ఉన్నారు. అందరూ కండ్లు మూసుకునేవారు.

ఒకసారి కుప్పం గదిలో సినిమా మధ్యలో ఇంటి ఓనరు తలుపు బాదాడు. "లోపల ఏం జరగతాండాది?" అని గట్టిగా అరిచాడు. టీచరమ్మ తలుపు తీసి, "సినిమా సూస్తాండాం. రా, కూసో" అన్నారు. అబద్ధం చెప్తారనుకున్న మేము చాప మీద జరిగి చోటిచ్చాం. అతను కూర్చున్నాడు. చేతులు చూశాడు, గొంతులు విన్నాడు. చివర నేను ప్రార్థన చేస్తుంటే, "మా ఆడామెకు మోకాలు నొప్పి, అది కూడా అడుగప్పా" అన్నాడు. అడిగాను. నొప్పి తగ్గిందో లేదో తెలియదు కానీ గది మాత్రం ఖాళీ చేయమనలేదు.

సినిమా ముగిశాక టీచరమ్మ ఉపన్యాసాలు ఇచ్చేవారు కాదు. "సినిమా సగం పనే. దుప్పటి దించినాంక రెండో సగం" అనేవారు. దుప్పటి దించి, లైటు వేసి, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, "నీకేం కావల్ల?" అని అడిగేవారు. ఒకరికి అద్దెకు గది, ఒకరికి ఆసుపత్రికి తోడు, ఒకరికి కేసు పెట్టడానికి లాయరు, ఒకరికి అమ్మకు ఫోను చేసే ధైర్యం. ఇట్లాంటి ప్రేమ నేరం కాదని కోర్టు తీర్పు రాకముందు ఈ పనంతా ఇంకా భయంగా జరిగేదట. అప్పుడు కూడా ఆమె అడిగింది ఆ ఒక్క మాటే.

ముఖాలు ఎందుకు తీయరని అడిగాను. "ముఖం దొరికితే ఇల్లు దొరుకుతుంది, ఇల్లు దొరికితే మనిషి దొరుకుతాడు. నన్ను నమ్మి కెమెరా ముందుకొచ్చినోళ్ళను నేనే పట్టిస్తానా?" అన్నారు.

మా అమ్మాయికి ఇది నచ్చేది కాదు. ఆమె దగ్గరే కెమెరా నేర్చుకుని, ఆమెతోనే వాదించేది. "ఎన్నాళ్ళక్కా చేతులే? చేతుల్ని సూసి జాలిపడతారు. కండ్లలోకి సూస్తే కదా సమాధానం సెప్పాల్సి వచ్చేది!" అనేది. టీచరమ్మ కోపంగా కెమెరాకు టోపీ తొడిగి పెట్టేసేవారు. ఆ ఊలు టోపీ నర్సమ్మ అల్లింది. రెండు మూడు రోజులు ఇద్దరికీ మాటలుండేవి కావు. తరువాత ఎవరో ఒకరు చెనిక్కాయలు పట్టుకుని వెళ్ళేవారు.

పోయిన ఏడాది టీచరమ్మకు జబ్బు తెలిసింది. ఆస్పత్రి నుంచి వచ్చి, నాకు ఒక చీర ఇచ్చి ఇస్త్రీ చేయమన్నారు. మరునాడు ఆ చీర కట్టుకుని మా అమ్మాయి కెమెరా ముందు కుర్చీలో కూర్చున్నారు. "తియ్యి" అన్నారు. ఎన్నేండ్లుగానో ఎవరికీ చూపించని ముఖం! నర్సమ్మ గురించి చెప్పారు. ఎక్కడ కలిశారో, ఏమని పిలుచుకునేవారో, ఏ విషయానికి పోట్లాడుకునేవారో. చర్చిలో ఒక్కసారైనా తమ ఇద్దరి పేర్లూ కలిపి ప్రార్థన చేస్తే వినాలని ఉండేదట. మా అమ్మాయి కెమెరా వెనక ఏడుస్తోంది.

ఉన్నట్టుండి నా వైపు తిరిగి, "రాప్పా, నువ్వూ కూసో. తండ్రి ఒకడు కూడా కనపడాల" అన్నారు.

"వచ్చే వారం సూద్దాం టీచరమ్మా" అన్నాను.

"నేనే వచ్చే వారం ఉంటానో లేదో. నీకు వచ్చే వారం యాల?"

కూర్చున్నాను. నా బిడ్డ గురించి చెప్పాను, నవ్వుతూనే చెప్పాను. కానీ లేచేటప్పుడు మా అమ్మాయిని ఒక మాట అడిగాను. "లోకమంతా సూపించుకో తల్లీ. పుంగనూరు పక్క మాత్రం వద్దు." మా అమ్మాయి సరేనంది. టీచరమ్మ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే అది సరే అన్నట్టు కాదని నాకు తెలుసు.

సినిమా బెంగుళూరులో ఆడింది, ఇంకా ఎక్కడెక్కడో ఆడింది. ఎవరెవరో టీచరమ్మకు ఫోన్లు చేసేవారు. సాయంత్రాలు నేను వెళితే వాటి కబుర్లు చెప్పేవారు. మా అమ్మాయి గురించి నేను నోరారా మాట్లాడుకోవడానికి ఈ మదనపల్లెలో ఆ ఒక్క ఇల్లే ఉండేది. మిగతా ఎక్కడైనా ఒక్కో మాటా వెతుక్కుని వాడాలి. అబ్బాయి ఎట్లుండాడు అంటే బాగుండాడు అనాలి. అట్లా రోజంతా నోరు బిగబట్టుకుని, వీధి దాటి ఎదురింటికి వెళ్ళి, "మా అమ్మాయి ఈరోజు ఫోను చేసింది టీచరమ్మా" అంటే ప్రాణం లేచి వచ్చేది.

మంగళవారం ఆమె పోయారు. సమాధుల తోటలో పాస్టరు గారు, ఈమెకు భర్త, పిల్లలు లేరు, తమ్ముడి కొడుకు ఒక్కడే మిగిలాడు అని చెప్పారు. కుప్పం నుంచి, పలమనేరు నుంచి, బెంగుళూరు నుంచి వచ్చినవాళ్ళంతా దూరంగా ప్రహరీ గోడ వెంట నిలబడి ఉన్నారు. వాళ్ళలో మా అమ్మాయి కూడా ఉంది. వచ్చి మట్టి వేయమని ఎవరూ పిలవలేదు. నేను నడిచి వెళ్ళి, "యాల ఆడ నిలబడినారు? రాండి, మన మనిషే కదా" అన్నాను. వచ్చారు. వరుసగా మట్టి వేశారు. చర్చివాళ్ళు పక్కకు జరిగారు. టీచరమ్మను పెట్టిన వరుస వేరు, నర్సమ్మ ఉన్న వరుస వేరు. మధ్యలో ఎవరెవరో ఉన్నారు.

నిన్న శనివారం పొద్దున మా అమ్మాయి ఫోను చేసింది. "నాయనా, పుంగనూరు పిల్లోళ్ళు సినిమా అడగతాండారు. మండపం కూడా మాట్లాడినారు. బోర్డు మీద నీదీ టీచరమ్మదీ ఫోటో వేస్తారంట. నువ్వు వద్దంటే వద్దు, నేను ఏమీ అనుకోను" అంది.

ఆలోచించుకోవడానికి ఏముంది? "పెట్టు తల్లీ" అన్నాను. "నిజంగానా నాయనా?" అంది. "పెద్ద బోర్డు పెట్టమను" అన్నాను. ఫోనులో తను ఎగిరి గంతేసిన చప్పుడు కూడా నాకు వినిపించింది!

ఆ సంతోషంలో నా వేళ్ళు వాటంతటవే టీచరమ్మ నంబరు నొక్కేశాయి. మోగింది. ఎదురింట్లో, తాళం వేసిన తలుపు వెనక మోగడం మా గుమ్మంలోకి వినబడింది. ఆపబుద్ధి కాలేదు. మోగినంతసేపూ నిలబడి విన్నాను. అది ఆగాక, వీధిలో ఇంకెవరికి చెప్పాలా అని అటూ ఇటూ చూశాను. పాలు పోసే అమ్మ, ఇస్త్రీకి బట్టలు తెచ్చే అబ్బాయి, బడికి పోయే పిల్లలు. నాకు కూతురుందనే ఎవరికీ తెలియదు. ఇంత పెద్ద మంచి వార్త పెట్టుకుని ఒక్కణ్ణే నిలబడ్డాను.

అందుకే ఇక ఊరకే కూర్చోదలచుకోలేదు. మా వాళ్ళు సినిమా చూసి తెలుసుకోవడం కాదు, నా నోటితో నేను చెప్పాలి. వచ్చే ఆదివారం లోపల చెప్పాల్సినవాళ్ళు వీళ్ళు.

మా పెద్దన్న, బైరెడ్డిపల్లె. చెవుడు. గట్టిగా అరిచి చెప్పాలి, వీధంతా వింటుంది. విననీ.

మా వదిన. అన్నకు చెప్పేటప్పుడు ఆమే వినేస్తుంది కానీ విడిగా చెప్పకపోతే అలుగుతుంది. ప్రతి క్రిస్మసుకూ అబ్బాయికి సంబంధం చూస్తానంటున్నది ఈమే.

నా భార్య తమ్ముడు, పలమనేరు. కోపిష్టి. అన్నం తిననిచ్చి, చేయి కడుక్కున్నాక చెప్పాలి.

అతని కూతుళ్ళు ఇద్దరు. వీళ్ళకు ముందే తెలుసని నా అనుమానం. అయినా చెప్పాలి.

మా మేనత్త, హార్స్లీ హిల్స్ కింద పల్లె. పుట్టిన బిడ్డకు మొదటి స్నానం పోసింది ఆమే. ఏమంటుందో తెలియదు. ఏమన్నా పడాలి.

మా చెల్లెలు, పుంగనూరు. చివర రాశాను కానీ మొదట చెప్పాల్సింది ఈమెకే. ఫోనులో కాదు, పోయి చెప్పాలి. కల్యాణ మండపం గేటుకు ఎదురుగానే ఆమె ఇడ్లీ బండి. రేపు తెల్లవారి బోర్డు కట్టడానికి మనుషులు వస్తారట. ఆమె పాత్ర మూత తీసి, ఆవిరి పక్కకు తొలగాక తలెత్తితే ఎదురుగా బోర్డు మీద టీచరమ్మ, పక్కన నేను.